పవర్ కాగితం ఒక్కటే చాలదు: కాంటాక్ట్ లెన్స్ మీద మీ ప్రశ్నలు

కిందటి సంచికలో కళ్ళజోడు ఫ్రేముల గురించి రాస్తూ చివర్లో కాంటాక్ట్ లెన్స్ ప్రస్తావన తెచ్చాను. దాని మీద ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. ఎక్కువమంది అడిగింది ఒకటే: "నాకు ఏ లెన్స్ మంచిది? పేరు చెప్పండి." నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. లెన్సులు అమర్చడమే ఇరవై రెండేళ్ళుగా నా పని. పదిహేడో ఏట నుంచి నేనూ పెట్టుకుంటున్నాను. అయినా కన్ను చూడకుండా లెన్స్ పేరు చెప్పలేను. ఏం అడగాలో, ఏం చూపించుకోవాలో, ఎక్కడ ఆగాలో మాత్రం చెప్పగలను. మందులు, ఆపరేషన్ల విషయం మీ కంటి డాక్టరు చెప్పాల్సిందే.

నా వయసు 23. కళ్ళజోడు పవర్ కుడి కంటికి మైనస్ 8.5, ఎడమకి మైనస్ 7. ఆ కాగితం చూసే ఆన్‌లైన్‌లో నెలవారీ లెన్సులు తెప్పించుకున్నాను. దూరం చక్కగా కనిపిస్తోంది. ఫోన్ చూసినా, పుస్తకం పట్టినా గంటలో కణతలు పీకుతున్నాయి. సాయంత్రం లెన్స్ తీశాక తెల్లగుడ్డు మీద గుండ్రంగా గీత పడినట్టు ఉంటోంది. అలవాటయ్యేదాకా ఓపిక పట్టాలా?

వద్దు తల్లీ. ఓపిక పట్టాల్సిన బాధ కాదిది.

కళ్ళజోడు అద్దం కంటికి దాదాపు 12 మిల్లీమీటర్ల ముందు ఉంటుంది. కాంటాక్ట్ లెన్స్ నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది. తక్కువ పవర్లకు ఈ దూరం పెద్దగా లెక్కలోకి రాదు గానీ 4 దాటిందంటే తప్పనిసరిగా లెక్క కట్టాలి. కళ్ళజోడులో మైనస్ 8.5 చేసే పనిని కంటి మీద మైనస్ 7.75 చేసేస్తుంది. మైనస్ 7కి బదులు 6.5 చాలు. అంటే మీరు ఒక కంట్లో ముప్పావు, రెండో కంట్లో అర పవర్ అదనంగా మోస్తున్నారు. చిన్న వయసు కాబట్టి కంటి లోపలి కండరం ఆ ఎక్కువను సర్దుకుని దూరాన్ని స్పష్టంగానే చూపిస్తోంది. దగ్గర చూడాల్సి వచ్చేసరికి ఆ కండరానికే పని మీద పని పడుతోంది. కణతలు పీకడం అందుకే. ప్లస్ పవర్ వాళ్ళకు ఇదే లెక్క తిరగబడుతుంది, కళ్ళజోడుకన్నా లెన్స్ పవర్ పెరుగుతుంది.

ఆ గుండ్రటి గీత సంగతే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. లెన్స్ బిగుతుగా ఉన్నప్పుడు అలా అచ్చు పడుతుంది. పెట్టె మీద పవర్ పక్కన బీసీ అని ఒక అంకె, డయా అని ఇంకో అంకె ఉంటాయి చూడండి, 8.4, 14.2 అన్నట్టుగా. మొదటిది లెన్స్ వంపు, రెండోది వెడల్పు, రెండూ మిల్లీమీటర్లలోనే. కళ్ళజోడు కాగితంలో ఈ రెండూ ఉండవు. మెత్తటి లెన్స్ రెప్ప వేసిన ప్రతిసారీ అర మిల్లీమీటరుకు అటూఇటూగానైనా కదిలి మళ్ళీ తన చోటికి రావాలి. ఆ కదలికతోనే లెన్స్ కింద చేరిన చెత్త కన్నీటితో బయటికి పోతుంది. నా దగ్గరికి వచ్చినవాళ్ళకు లెన్స్ పెట్టి ఇరవై నిమిషాలు కూర్చోబెడతాను. తర్వాత స్లిట్ ల్యాంప్ కింద, అంటే కంటిని పెద్దది చేసి చూపే దీపపు మైక్రోస్కోప్ కింద చూస్తూ, కింది రెప్ప మీదుగా లెన్స్‌ను వేలితో కాస్త పైకి నెడతాను. తేలిగ్గా జరిగి తేలిగ్గా దిగితే సరే. మొండిగా కదలకపోయినా, జర్రున జారిపోయినా ఆ లెన్స్ ఆ కంటికి సరిపోనట్టే. ఎంత పేరున్న కంపెనీదైనా సరే పక్కన పెట్టేస్తాను.

ఇవాళే ఆపి కళ్ళజోడుకు మారండి. ఎరుపు తగ్గాక కొలతలు తీయించుకుని, ట్రయల్ లెన్స్ వేయించుకుని, లెన్స్ చీటీ విడిగా అడిగి తీసుకోండి. ఇంకొక్క మాట. పవర్ 6 దాటినవాళ్ళు ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా కూడా చూపించుకోవాలి. లెన్స్ పెట్టుకుని కళ్ళజోడు మానేసినంత మాత్రాన కన్ను లోపల మారదు. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల వాన కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

నాకు సిలిండర్ మైనస్ 1.75, యాక్సిస్ 170. టోరిక్ లెన్స్ ఇచ్చారు. నిటారుగా కూర్చుంటే బాగుంటుంది. పక్కకు ఒరిగి పడుకుని టీవీ చూస్తే అక్షరాల పక్కన నీడ కనిపిస్తుంది. షటిల్ ఆడేటప్పుడు కూడా ఒక్క క్షణం మసకేసి సర్దుకుంటుంది. పవర్ తప్పా?

పవర్ తప్పు కాకపోవచ్చు, లెన్స్ తిరుగుతోంది. టోరిక్ లెన్స్, అంటే సిలిండర్ పవర్ ఉన్న లెన్స్, చూడటానికి గుండ్రంగా ఉన్నా దానికి పైభాగం, కిందిభాగం ఉంటాయి. సిలిండర్ పవర్ యాక్సిస్ అంకె చెప్పే ఒక్క దిక్కునే పనిచేయాలి కాబట్టి లెన్స్ ఒకే భంగిమలో నిలబడాలి. అందుకని కొన్నింటిలో కింది అంచు కాస్త మందంగా చేస్తారు, కొన్నింటిలో పైనా కిందా పల్చబరిచి రెప్పలు పట్టి ఉంచేలా చేస్తారు. 10 డిగ్రీలు పక్కకు తిరిగితే సిలిండర్‌లో మూడో వంతు దాకా సరిదిద్దకుండా మిగిలిపోతుంది. 30 డిగ్రీలు తిరిగిందంటే సిలిండర్ మొత్తం మళ్ళీ తయారు. పక్కకు పడుకున్నప్పుడు మీకు కనిపించే నీడ అదే.

ఈసారి వెళ్ళినప్పుడు మీ లెన్స్ మీదున్న చిన్న గీత గుర్తు ఎక్కడ నిలుస్తోందో చూడమని అడగండి. ఎప్పుడూ ఒకే వైపు, ఒకే కోణంలో ఒరిగి ఉంటే యాక్సిస్ మార్చి ఇస్తే సరిపోతుంది. రెప్ప వేసినప్పుడల్లా ఒక్కో చోట ఆగుతుంటే మాత్రం లెన్స్ డిజైనే మార్చాలి. అదీ కుదరకపోతే ఆర్‌జీపీ, అంటే గాలి ఆడే గట్టి లెన్స్ గురించి ఆలోచించండి. అది తన వంపును తాను నిలుపుకుంటుంది. నల్లగుడ్డు వంపులో ఉన్న తేడాను మధ్యలో చేరిన కన్నీరే పూడ్చేస్తుంది కాబట్టి, సిలిండర్ కారణం నల్లగుడ్డులోనే ఉంటే లెన్స్ తిరిగినా చూపు చెదరదు. మొదటి రెండు వారాలు కంట్లో నలక పడ్డట్టే ఉంటుంది, ముందే చెబుతున్నా.

మా అబ్బాయికి 18 ఏళ్ళు. రెండేళ్ళలో మూడుసార్లు కళ్ళజోడు మార్చాం, అయినా బోర్డు కనిపించదంటాడు. కెరటోకోనస్ అన్నారు. క్రాస్ లింకింగ్ చేశారు. చూపు ఏమీ పెరగలేదు. గట్టి లెన్స్ ఇస్తే గంట కూడా ఉంచుకోలేక తీసేస్తున్నాడు. స్క్లెరల్ లెన్స్ అని ఇంకొకటి ఉందట. వాడి చదువు ఏమవుతుందోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

అమ్మా, ముందు ఒక్క విషయంలో మీ మనసు కుదుటపడాలి. క్రాస్ లింకింగ్ విఫలం కాలేదు. అది చూపు పెంచడానికి చేసేది కాదు. కెరటోకోనస్‌లో నల్లగుడ్డు పల్చబడి శంఖం మొనలా ముందుకు పొడుచుకొస్తుంది. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పట్టి ఆ పొరను గట్టిపరుస్తారు, జబ్బు ముదరకుండా ఆపడానికి. చూపు తెచ్చేది లెన్స్. లెన్స్ జబ్బును ఆపదు, క్రాస్ లింకింగ్ చూపును తేదు. ఈ రెండూ కలగాపులగం చేసుకుని దిగులుపడ్డ తల్లిదండ్రులను ఎంతమందినో చూశాను. చేసేటప్పుడే ఎవరైనా నిదానంగా కూర్చోబెట్టి చెప్పి ఉంటే మీకు ఇన్ని నిద్రలేని రాత్రులు ఉండేవి కావు.

కళ్ళజోడు ఎందుకు పనిచేయదంటే, అది సమంగా ఉన్న వంపునే సరిదిద్దగలదు. మీ వాడి నల్లగుడ్డు ఎగుడుదిగుడుగా ఉంది. దాని ముందు ఒక నున్నటి గట్టి ఉపరితలం పెట్టి, మధ్య ఖాళీని నీటితో నింపితే కాంతి ఆ నున్నటి తలాన్నే చూస్తుంది. గట్టి లెన్స్ కిటుకంతా అదే.

ఇప్పుడు వాడు ఉంచుకోలేకపోతున్నది 9, 10 మిల్లీమీటర్ల చిన్న లెన్స్ అయి ఉంటుంది. అది నల్లగుడ్డు మీదే ఆనుతుంది. నల్లగుడ్డులో నరాల కొసలు దట్టంగా ఉంటాయి, మొన దగ్గర లెన్స్ రాసుకుంటే ఓర్చుకోవడం కష్టం. కెరటోకోనస్ కోసమే తీర్చిన వంపులతో వేరే గట్టి లెన్సులున్నాయి. మధ్యలో గట్టిగా, చుట్టూ మెత్తగా ఉండే హైబ్రిడ్ లెన్సులున్నాయి. కింద మెత్తటి లెన్స్ పెట్టి దానిమీద గట్టిది పెట్టే పద్ధతి కూడా ఉంది. అబ్బాయిది ముందుగా ఒకసారి స్లిట్ ల్యాంప్ కింద రంగు చుక్క వేసి చూడాలి. చాలాసార్లు లెన్స్ రకం తప్పు కాదు, వంపు తప్పుంటుంది. రెండు మూడుసార్లు మార్చి చూడకుండా వదిలేయవద్దు.

స్క్లెరల్ లెన్స్ వెడల్పు 15 మిల్లీమీటర్ల నుంచి 20 పైదాకా ఉంటుంది. తెల్లగుడ్డు మీద కూర్చుని, నల్లగుడ్డును అసలు ముట్టకుండా వంతెనలా దాటుతుంది. తెల్లగుడ్డు పైపొరకు స్పర్శ తక్కువ. అందుకే ఇంత పెద్ద లెన్స్ ఆ చిన్నదానికన్నా హాయిగా ఉందంటారు పిల్లలు. నిజానికి కాంటాక్ట్ లెన్స్ పుట్టిందే ఈ రూపంలో. 1888లో అడాల్ఫ్ ఫిక్ అనే జర్మన్ కంటి డాక్టరు గాజుతో చేసింది తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద లెన్సే. గాజులోంచి గాలి ఆడదు కాబట్టి ఎక్కువసేపు పెట్టుకోలేకపోయేవారు. నల్లగుడ్డులో రక్తనాళాలు లేవు, దానికి కావలసిన ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం బయటి గాలి నుంచే రావాలి. ఆక్సిజన్‌ను పోనిచ్చే పదార్థాలు వచ్చాక ఆ పాత ఆలోచనకే మళ్ళీ ప్రాణం వచ్చింది.

పెట్టుకునే తీరు చెబుతాను, మీరూ నేర్చుకోండి. బల్ల మీద అద్దాన్ని వెల్లకిలా పెట్టాలి. లెన్స్‌ను చిన్న రబ్బరు ప్లంజర్ మీద గిన్నెలా నిలబెట్టి, ప్రిజర్వేటివ్ లేని స్టెరైల్ సెలైన్‌తో అంచు దాకా, పైకి ఉబికేటట్టు నింపాలి. ముఖం నేలకు సమాంతరంగా వంచి, రెండు రెప్పలూ బాగా విప్పి, కింది నుంచి నిదానంగా పైకి తీసుకెళ్ళాలి. సెలైన్ బుగ్గల మీదికి కారుతుంది, కారాలి. రెప్పలు వదిలాక అద్దంలో చూస్తే లెన్స్ వెనక చిన్న గాలిబుడగ కనబడిందనుకోండి, తీసేసి మళ్ళీ మొదలు. బుడగ ఉంటే ఆ చోట నల్లగుడ్డు ఎండిపోతుంది, చూపూ అదురుతుంది. ఒక అమ్మాయికి మొదటి రోజు పదకొండుసార్లు కుదరలేదు. కళ్ళనీళ్ళు, సెలైన్ కలిసి గౌనంతా తడిసిపోయింది. పన్నెండోసారి నిలబడ్డాక గోడ మీది చార్టు కింది నుంచి రెండో వరుస చదివి, నోరు మూసుకుని ఉండిపోయింది. ఆ అక్షరాలు అక్కడున్నాయని ఆ అమ్మాయికి అప్పటిదాకా తెలియదు.

తీసేటప్పుడు ప్లంజర్‌ను నడిబొడ్డున అంటించి లాగకూడదు. కింది అంచు దగ్గర పెట్టి, అంచు లేచాక తీయాలి. మధ్యాహ్నానికి పొగమంచులా మసక వస్తే తీసి కడిగి కొత్త సెలైన్ నింపుకోవచ్చు. రాత్రి తప్పకుండా తీయాలి. కుళాయి నీళ్ళు ఎప్పుడూ వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, కళ్ళు నులుముకునే అలవాటుంటే మాన్పించండి. దురదకు అలర్జీ చుక్కలు రాయించుకోండి. చేతులు కట్టేసినట్టు ఉంటుంది మొదట్లో, అయినా మానాలి. మూడు నాలుగు నెలలకోసారి టోపోగ్రఫీ, అంటే నల్లగుడ్డు వంపుల పటం తీయించమని డాక్టరు చెబితే వాయిదా వేయకండి.

నాకు 52, షుగర్ పదేళ్ళుగా ఉంది. లెన్స్ పెట్టుకోవచ్చా?

షుగర్ అదుపులో ఉండి, నల్లగుడ్డు ఆరోగ్యంగా ఉంటే పెట్టుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళలో నల్లగుడ్డుకు స్పర్శ తగ్గుతుంది, గీరుకున్నా తెలియదు, గాయం ఆలస్యంగా మానుతుంది. అందుకే మీలాంటివాళ్ళకు రోజు రోజుకూ పారేసే లెన్సే ఇస్తాను. రాత్రి పెట్టుకుని పడుకోనని ఖాయంగా చెబితేనే ఇస్తాను.

నేను నర్సుని. నైట్ డ్యూటీలో గంటసేపు కునుకు తీస్తాను. గంటకోసం లెన్స్ తీయాలా? 30 రోజులు రాత్రీ పగలూ ఉంచుకోవచ్చనే లెన్సులు కూడా ఉన్నాయి కదా?

ఉన్నాయి. సిలికాన్ హైడ్రోజెల్ అనే పదార్థంతో చేసిన మెత్తటి లెన్సుల్లో కొన్నింటికి అలా అనుమతి ఉంది. వాటిలోంచి ఆక్సిజన్ బాగా వెళ్తుంది, నిజమే. కానీ రెప్ప మూసి ఉన్నంతసేపు కన్నీరు కదలదు, లెన్స్ కింద సూక్ష్మజీవులు కడుక్కుపోకుండా నిలిచిపోతాయి. లెన్స్‌తో నిద్రపోయేవాళ్ళకు నల్లగుడ్డు ఇన్‌ఫెక్షన్ ముప్పు ఆరు నుంచి ఎనిమిది రెట్లు ఎక్కువ.

నేను చదువుకునే రోజుల్లో పరీక్షల ముందు రెండు రాత్రులు అలాగే పుస్తకం మీద నిద్రపోయాను. నాకు లెన్స్ అమ్మినవాళ్ళు ఎలా పెట్టుకోవాలో చూపించారు గానీ, నిద్రపోకూడదని ఒక్క మాట చెప్పలేదు. మూడో రోజు పొద్దున ఎడమ కన్ను తెరవలేకపోయాను. కిటికీ తెర సందులోంచి వచ్చే వెలుతురు సూదిలా గుచ్చింది. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద గుండుసూది తలంత తెల్ల చుక్క. బాక్టీరియా వల్ల వచ్చిన పుండు అది. పగలూ రాత్రీ గంటగంటకూ చుక్కలు వేసుకున్నాను, అమ్మ అలారం పెట్టుకుని లేచేది. పుండు మానింది, పువ్వు మిగిలింది. నడిమధ్యన కాకుండా కొంచెం పక్కన ఉంది కాబట్టి చూపు దక్కింది. ఇప్పటికీ రాత్రిపూట ఆ కంటికి వీధిదీపాలన్నిటికీ తోకలుంటాయి. ఈ వృత్తిలో లెన్సుల వైపే వచ్చింది ఆ కన్ను వల్లే.

కాబట్టి గంటైనా తీసేయండి. డైలీ లెన్సులు వాడితే పడుకునే ముందు తీసి పారేసి, లేచాక చేతులు కడిగి, తుడుచుకుని, కొత్త జత పెట్టుకోవచ్చు. లేదా నైట్ డ్యూటీ రోజుల్లో కళ్ళజోడే పెట్టుకోండి. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, మసక, వీటిలో ఏది కనిపించినా వెంటనే లెన్స్ తీసి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తీసిన లెన్స్, డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, ల్యాబ్‌లో పరీక్షకు పనికొస్తాయి. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ చుక్కలు మాత్రం సొంతంగా వేసుకోకండి.

వారానికి మూడు రోజులు ఈత కొడతాను. కళ్ళజోడు లేకపోతే గోడ కూడా కనిపించదు.

పవర్ ఉన్న ఈత గాగుల్స్ చేయించుకోండి. నీళ్ళలో అకాంతమీబా అనే ఏకకణ జీవి ఉంటుంది, పూల్ క్లోరిన్‌కు కూడా చావని గూడు కట్టుకుంటుంది. లెన్స్ దానికి కంటి మీద నిలువ నీడ ఇస్తుంది. అది పట్టుకుంటే నొప్పి భరించలేరు, వైద్యం నెలల తరబడి సాగుతుంది. షవర్ కింద నిలబడేటప్పుడూ లెన్స్ తీసేయాలి. డబ్బాను కుళాయి కింద కడగడం కూడా ఇందుకే వద్దంటాం. సొల్యూషన్‌తోనే కడిగి, తుడిచి, మూతలు తీసి బోర్లించండి. మూడు నెలలకు ఒక్కసారైనా డబ్బా మార్చేయండి. నిన్నటి సొల్యూషన్ మీద ఇవాళ్టిది కొంచెం కలిపేయడం చాలామంది చేసే పని, అది మానేయండి.

కంప్యూటర్ ముందు పది గంటల ఉద్యోగం. సాయంత్రం నాలుగయ్యేసరికి లెన్స్ కంటికి అతుక్కుపోయినట్టు ఉంటుంది. నీటి శాతం ఎక్కువున్న లెన్స్ తీసుకుంటే తడిగా ఉంటుందన్నారు. నిజమేనా?

వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, చాలాసార్లు జరిగేది వేరు. మెత్తటి లెన్స్ నీళ్ళు పీల్చుకున్న ప్లాస్టిక్. 1961లో చెక్ శాస్త్రవేత్త ఒటో విఖ్టర్లె ఇంట్లో పిల్లల ఆటవస్తువుల భాగాలతో కట్టిన చిన్న యంత్రం మీద తిప్పి తీసిన మొదటి మెత్తటి లెన్సులదీ అదే తత్వం. నీరు ఎక్కువున్న లెన్స్ గాలికి ఆరేకొద్దీ ఆ నీటిని తిరిగి మీ కన్నీటి నుంచే లాక్కోవచ్చు. పొడి కళ్ళకు నీటి శాతం తక్కువగా ఉన్న సిలికాన్ హైడ్రోజెల్ డైలీ లెన్స్ ముందు పెట్టి చూస్తాను.

అంతకన్నా ముందు మీ రెప్పలు చూస్తాను. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లు దాకా రెప్ప వేస్తాం. స్క్రీన్ ముందు అది సగం కన్నా తక్కువకు పడిపోతుంది, వేసిన రెప్ప కూడా సగమే మూస్తాం. రెప్ప అంచుల్లో సన్నటి నూనె గ్రంథులుంటాయి. ఆ నూనె కన్నీటి మీద పొరలా పరుచుకుని ఆరిపోకుండా కాపాడుతుంది. గ్రంథులు మూసుకుపోతే ఎంత మంచి లెన్స్ అయినా నాలుగింటికి అతుక్కుంటుంది. గోరువెచ్చటి గుడ్డతో రోజూ పది నిమిషాలు రెప్పలకు కాపడం, తర్వాత రెప్ప అంచు వైపు మెల్లగా ఒత్తడం, ఒక నెల చేసి చూడండి. ఏసీ గాలి ముఖానికి తగలకుండా కుర్చీ జరపండి. స్క్రీన్ కంటి ఎత్తుకు కొంచెం కిందుగా ఉండాలి. జలుబు, అలర్జీ మాత్రలు, మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ కళ్ళను ఎండగడతాయి, వాడుతుంటే చెప్పండి. నోరు కూడా ఎండిపోతూ కీళ్ళ నొప్పులుంటే లెన్స్ సంగతి తర్వాత, ముందు ఫిజీషియన్‌ను కలవండి.

ఇవన్నీ చేశాక కూడా కళ్ళు ఎనిమిది గంటలే ఒప్పుకుంటే, ఎనిమిది గంటలే పెట్టుకోండి.

వయసు 45. మైనస్ 5 లెన్సులు ఇరవై ఏళ్ళుగా వాడుతున్నాను. ఇప్పుడు ఫోన్ చేయి చాచి చూడాల్సి వస్తోంది. విచిత్రం ఏమిటంటే కళ్ళజోడు పెట్టుకుంటే అంత ఇబ్బంది లేదు. మల్టీఫోకల్ లెన్స్ మంచిదా, ఒక కంటికి దూరం, ఒక కంటికి దగ్గర ఇచ్చేది మంచిదా?

మీరు గమనించింది నిజమే. మైనస్ ఉన్నవాళ్ళకు దగ్గర చూపు కోసం కళ్ళజోడులో తక్కువ శ్రమ, కాంటాక్ట్ లెన్స్‌లో ఎక్కువ శ్రమ. అందుకే చత్వారం లెన్స్‌తో ముందుగా బయటపడుతుంది.

మల్టీఫోకల్ లెన్స్‌లో దూరం, దగ్గర పవర్లు వలయాలుగా ఉంటాయి. రెండూ ఒకేసారి కంట్లోకి వస్తాయి. కావలసినదాన్ని మెదడు ఏరుకోవాలి. దానికి రెండు వారాలు టైమ్ ఇవ్వండి, మొదటి రోజే తీసేయకండి. మసక వెలుతురులో అక్షరాలు కొంచెం పలచబడతాయి, రాత్రి దీపాల చుట్టూ వలయాలు రావచ్చు. మోనోవిజన్‌లో దూరం చూపుకు మెదడు ఎక్కువగా నమ్ముకునే కంటికి దూరం, రెండోదానికి దగ్గర ఇస్తారు. లోతు అంచనా కొంత తగ్గుతుంది. రాత్రి ఎక్కువ బండి నడిపేవాళ్ళకు, మెట్ల మీద సామాన్లతో ఎక్కిదిగేవాళ్ళకు నేను అది ఇవ్వను. మూడో దారి ఎవరూ చెప్పరు: దూరానికి మీ పాత లెన్సులే ఉంచి, చదివేటప్పుడు మాత్రం పైన రీడింగ్ గ్లాసెస్. నేను చేసేది అదే. చీటీలో అంకెలు, లెన్స్ అంచులు చూడటం నా పని కాబట్టి స్పష్టతలో రాజీ పడలేను. మీ పని ఏమిటో మీరు రాయలేదు. రోజులో ఎక్కువసేపు ఎంత దూరంలో ఏం చూస్తారో కొలిచి రాసుకుని వెళ్ళండి, మీ ఆప్టోమెట్రిస్ట్‌కు అది పవర్ చీటీ అంత ఉపయోగం.

పాపకు తొమ్మిదేళ్ళు, ఏడాదిలో మైనస్ 1.5 నుంచి 2.75 అయింది. రాత్రి పెట్టుకునే లెన్స్‌తో పవర్ ఆగిపోతుందా?

ఆగదు, వేగం తగ్గుతుంది. రాత్రి పెట్టుకునే ఆర్థో-కే గట్టి లెన్స్ నల్లగుడ్డు మధ్యభాగాన్ని తాత్కాలికంగా చదును చేస్తుంది, పగలు అద్దం లేకుండా చూస్తారు. వాడకం మానేస్తే పాత వంపు తిరిగి వస్తుంది. పగలు పెట్టుకునే డైలీ లెన్సుల్లో కూడా పిల్లల మైనస్ పెరుగుదలను తగ్గించేవి ఉన్నాయి. 8 నుంచి 12 ఏళ్ళ వయసులో మొదలుపెట్టే పిల్లల కోసం అలాంటి ఒకదానికి 2019లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. తక్కువ మోతాదు ఆట్రోపిన్ చుక్కలు ఇంకో దారి. రోజూ రెండు గంటలు ఆరుబయట ఆడించడం ఎలాగూ చేయాల్సిందే.

నిద్రలో లెన్స్ వద్దని పైన రాసి, ఇక్కడ ఆర్థో-కే అంటున్నానేమిటి అనిపించవచ్చు. దాని ముప్పు దానికీ ఉంది. పెద్దవాళ్ళు రోజూ దగ్గరుండి చూసుకునే ఇళ్ళలోనే ఇవ్వాలన్నది నా పట్టుదల. పాప వయసు కన్నా నేను చూసేది ఇంకొకటి: చెప్పకుండా సబ్బుతో చేతులు కడుక్కుంటుందా, కన్ను మండితే వెంటనే మీకు చెబుతుందా? రెండింటికీ అవునంటే డైలీ లెన్స్‌తో మొదలుపెట్టవచ్చు.

ఫంక్షన్ కోసం మా ఫ్రెండ్ రంగు లెన్సులు ఒక్కసారి పెట్టుకుంటే ఏమవుతుంది? పవర్ లేదు కదా.

వద్దమ్మా. పవర్ లేకపోయినా నల్లగుడ్డు మీద కూర్చునేది కూర్చునేదే. స్నేహితురాలి కంట్లోని సూక్ష్మజీవులు, ఆమె వంపు రెండూ నీ కంటికి వస్తాయి. సరదా ఉంటే కొలిపించుకుని, నీకంటూ డైలీ రంగు లెన్స్ తీసుకో.

నిన్న లెన్స్ పైకి జారిపోయి కనిపించకుండా పోయింది. కంటి వెనక్కి వెళ్ళిపోయిందేమోనని చాలా టెన్షన్ పడ్డాను. గంట తర్వాత దొరికింది. ఇంకోసారి అలా అయితే?

వెనక్కి వెళ్ళడానికి దారే లేదు. రెప్ప లోపలి పల్చటి పొర మడత పడి తెల్లగుడ్డు మీదికి వచ్చి అతుక్కుంటుంది, అక్కడితో సంచీ మూసుకున్నట్టే. లెన్స్ పై రెప్ప కింద మడతలో చుట్టుకుని ఉంటుంది. నులమకండి, గోటితో వెతకకండి. లెన్సులకు పనికొచ్చే తడి చుక్కలు రెండు మూడు వేసుకుని, కళ్ళు మూసుకుని, పై రెప్ప మీద నుంచి మెల్లగా కిందికి నిమరండి. గడ్డం ఎత్తకుండా కిందికి చూస్తూ పై రెప్ప ఎత్తితే అంచు కనబడుతుంది. దొరికాక చిరుగు ఉందేమో వెలుతురుకు పట్టి చూడండి. ముక్క తక్కువైనా, రెండు గంటలైనా దొరక్కపోయినా, కన్ను ఎర్రబడినా మా దగ్గరికి వచ్చేయండి. రెప్ప తిరగేసి చూడటానికి మాకు ఒక్క నిమిషం పని.